అకౌంట్ నంబరు సరైనదే, అయినా డబ్బు రెండుసార్లు వెనక్కి వచ్చింది: ఒక యూరో చెల్లింపు కేస్ స్టడీ

ఒక తయారీ కంపెనీ యూరో జోన్‌లోని తన సరఫరాదారుకు 38,400 యూరోలు పంపింది. కొన్ని రోజులకు ఆ డబ్బు వెనక్కి వచ్చింది. బ్యాంకు ఇచ్చిన అడ్వైస్‌లో, అంటే సమాచార పత్రంలో, కారణం ఒక్క ముక్కలో ఉంది: అకౌంట్ నంబరు తప్పు. సరఫరాదారును అడిగితే నంబరు సరైనదేనన్నారు. అదే అకౌంట్‌లోకి వేరే కొనుగోలుదారుల డబ్బు వస్తోందని చూపించడానికి స్టేట్‌మెంట్ కూడా పంపారు. కంపెనీ అకౌంట్స్ విభాగం నంబరును అక్షరం అక్షరం సరిచూసుకుని, అవే వివరాలతో మళ్లీ పంపింది. మళ్లీ అదే కారణంతో వెనక్కి వచ్చింది. డబ్బు అందేదాకా సరుకు పంపలేమని ఈలోగా సరఫరాదారు చెప్పేశారు. కేసు నా దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి ఇది.

నేను కంపెనీల తరఫున విదేశీ చెల్లింపుల పని చూస్తాను. అంతకుముందు బ్యాంకులోనే, ఆగిపోయిన పేమెంట్లను వెతికి పట్టుకునే ఇన్వెస్టిగేషన్స్ డెస్క్‌లో పనిచేశాను. రెండు వైపులా పనిచేశాక బలంగా నమ్మేది ఒకటుంది. రిటర్న్ కోడ్ అనేది వెనక్కి పంపిన బ్యాంకు తనకు కనిపించినదాన్ని బట్టి రాసే మాట. దాన్ని అసలు కారణం అనుకుని వెంటనే మళ్లీ పంపితే, డబ్బు అదే దారిలో వెళ్లి అదే చోట ఆగుతుంది. ముందుగా తేల్చుకోవలసింది వెనక్కి పంపింది ఎవరు, వాళ్లకు ఏం కనిపించింది అనే రెండు సంగతులే.

ముందు అడగాల్సిన కాగితం

కస్టమర్‌కు వచ్చే అడ్వైస్‌లో తేదీ, మొత్తం, ఒక లైను కారణం తప్ప ఇంకేమీ ఉండదు. అందుకే ముందుగా బ్యాంకును రిటర్న్ మెసేజ్ పూర్తి కాపీ అడిగాం. చాలా మంది ఇది అడగవచ్చని కూడా అనుకోరు. అడిగితే బ్యాంకులు సాధారణంగా ఇస్తాయి.

ఇప్పుడు బ్యాంకుల మధ్య నడిచే చెల్లింపు ఆదేశం ఐఎస్ఓ 20022 అనే అంతర్జాతీయ ప్రామాణిక ఫార్మాట్‌లో ఉంటుంది. కస్టమర్ తరఫున పంపే ఆదేశం పేరు ప్యాక్స్.008. డబ్బు బ్యాంకుల మధ్య చేతులు మారాక వెనక్కి వస్తే దానికి ప్యాక్స్.004 వస్తుంది. చేతులు మారకముందే నిరాకరిస్తే వచ్చేది ప్యాక్స్.002 లో తిరస్కరణ. ఈ ఫార్మాట్ 2023 మార్చిలో మొదలై పాత ఎంటీ103 మెసేజ్‌లతో కలిసి నడిచింది. 2025 నవంబర్‌లో ఆ కలిసి నడిచే కాలం ముగిసింది. అయినా కొన్ని బ్యాంకులు కస్టమర్‌కు ఇచ్చే కాపీని ఇప్పటికీ ఎంటీ103 రూపంలోనే చూపిస్తాయి. అలాంటి కాపీ చేతికొస్తే 72వ ఫీల్డ్ చూడాలి. రిటర్న్ అని సూచించే కోడ్ పక్కన ఒక అంకె ఉంటుంది, ఏ ఫీల్డ్ దగ్గర అభ్యంతరం వచ్చిందో అది చెబుతుంది. 59 అని ఉంటే లబ్ధిదారు వివరాల దగ్గరే ఆగిందని అర్థం.

మాకు వచ్చిన ప్యాక్స్.004 కాపీలో నాలుగు విషయాలు చూశాను. మొదటిది యూఈటీఆర్, అంటే ప్రతి చెల్లింపుకూ ఉండే 36 క్యారెక్టర్ల ప్రత్యేక రిఫరెన్స్. 2018 నవంబర్ నుంచి స్విఫ్ట్, అంటే బ్యాంకుల మధ్య మెసేజ్‌లు చేరవేసే నెట్‌వర్క్ మీద వెళ్లే కస్టమర్ చెల్లింపులన్నిటికీ ఇది తప్పనిసరి. డబ్బు వెనక్కి వస్తున్నప్పుడు కూడా అదే నంబరు అంటుకుని వస్తుంది కాబట్టి, ఏ చెల్లింపుకు ఏ రిటర్న్ అన్న అనుమానం ఉండదు. రెండోది కారణం కోడ్, ఏసీ01, అంటే అకౌంట్ నంబరు తప్పు. మూడోది ఆ కారణం చెప్పింది ఎవరన్నది, అంటే ఆ బ్యాంకును గుర్తించే బిక్ కోడ్. నాలుగోది ఛార్జీల వివరం: పంపిన 38,400 లో దారిలో ఎవరు ఎంత కోసుకున్నారో.

కారణం పక్కన అదనపు సమాచారం రాసే ఫీల్డ్ ఒకటి ఉంటుంది. అందులో ఒక వాక్యం రాసి ఉంటే ఈ కేసు ఒక పూటలో తేలిపోయేది. కానీ అది ఖాళీగా ఉంది.

డబ్బు వెళ్లిన దారి

యూఈటీఆర్ ఇచ్చి కంపెనీ బ్యాంకును ట్రాకింగ్ వివరాలు అడిగాం. దారి ఇలా తేలింది. కంపెనీ బ్యాంకు తన యూరో ఖాతా ఉన్న కరెస్పాండెంట్ బ్యాంకుకు, అంటే తన తరఫున యూరో చెల్లింపులు చేసే మధ్య బ్యాంకుకు, ఆదేశం పంపింది. ఆ కరెస్పాండెంట్ దాన్ని యూరో జోన్‌లోని పెద్ద మొత్తాల సెటిల్‌మెంట్ వ్యవస్థ టీ2 ద్వారా లబ్ధిదారు బ్యాంకుకు చేర్చింది. లబ్ధిదారు బ్యాంకే వెనక్కి పంపింది. మధ్యలో ఎవరూ ఆపలేదు.

ఈ ఒక్క సంగతితో అనుమానాల జాబితా సగం తగ్గింది. కరెస్పాండెంట్ దగ్గర కంప్లయన్స్, అంటే నియమాల తనిఖీ, సమస్య కాదు. బిక్ కోడ్ తప్పయి వేరే బ్యాంకుకు పోలేదు. చివరి బ్యాంకుకు చేరాకే, అకౌంట్‌ను వెతికే దశలో ఆగింది.

ఇంకో విషయం కూడా బయటపడింది. లబ్ధిదారు బ్యాంకు మరుసటి పనిదినానికే డబ్బు తిప్పి పంపింది. కంపెనీ ఖాతాలో పడేసరికి మాత్రం చాలా ఆలస్యమైంది. ఆ రోజులన్నీ పోయింది పంపిన బ్యాంకులోనే. రిటర్న్ డబ్బు ముందు కరెస్పాండెంట్ దగ్గర ఉన్న ఆ బ్యాంకు యూరో ఖాతాలో, అంటే నోస్ట్రోలో పడుతుంది. దాన్ని పాత చెల్లింపుతో జత చేసి కస్టమర్ ఖాతాకు మళ్లించాలి. ఛార్జీలు తగ్గి వచ్చిన మొత్తం అసలు మొత్తంతో సరిపోదు కాబట్టి ఆటోమేటిక్‌గా జత కుదరదు, ఎవరో ఒకరు చేత్తో చేయాలి. డబ్బు ఇంకా విదేశంలోనే ఉందని కస్టమర్ టెన్షన్ పడుతుంటాడు, అది ఇక్కడికొచ్చి జత కోసం ఎదురుచూస్తుంటుంది. అందుకే రిటర్న్ అయిందని తెలిసిన వెంటనే యూఈటీఆర్ రాసి, నోస్ట్రోలో పడిందేమో చూడమని బ్యాంకును అడగడం నా అలవాటు. రోజులు నిజంగా ఆదా అవుతాయి.

నంబరు సరైనదే అంటే అర్థం ఏమిటి

కంపెనీ వాళ్లూ సరఫరాదారూ ఐబ్యాన్, అంటే అంతర్జాతీయ అకౌంట్ నంబరు, సరైనదేనని గట్టిగా చెప్పారు. అది నిజమే. నేను కూడా చెక్ చేశాను. ఐబ్యాన్‌లో మొదటి రెండు అక్షరాలు దేశం కోడ్, తర్వాతి రెండు అంకెలు చెక్ డిజిట్లు. మొదటి నాలుగు క్యారెక్టర్లను చివరికి జరిపి, అక్షరాల బదులు అంకెలు వేసి (ఏ కి 10 తో మొదలై జెడ్ కి 35 దాకా), వచ్చిన పెద్ద సంఖ్యను 97 తో భాగిస్తే శేషం 1 రావాలి. వచ్చింది. అంటే టైపింగ్‌లో అంకె పొరపాటు పడలేదు.

కానీ ఈ లెక్క చెప్పేది అంతవరకే. ఆ అకౌంట్ ఉందో లేదో, తెరిచి ఉందో మూసేశారో, ఏ రకం చెల్లింపులను తీసుకుంటుందో ఇది చెప్పదు. ఆన్‌లైన్‌లో దొరికే ఐబ్యాన్ చెకర్లు పచ్చ టిక్కు చూపించగానే అందరూ నిశ్చింతగా ఉంటారు. ఈ కేసులో ఆ టిక్కే అందరినీ పక్కదారి పట్టించింది.

పేరు విషయం కూడా చూశాను. పాత ఎంటీ ఫార్మాట్‌లో పేరు, చిరునామా కలిపి 35 క్యారెక్టర్ల లైన్లు నాలుగే ఉండేవి. పొడవైన కంపెనీ పేర్లు మధ్యలో తెగిపోయేవి. ఇక్కడ పేరు పూర్తిగానే వెళ్లింది, ఇన్వాయిస్ మీద ఉన్నట్టే ఉంది. పేరుకూ అకౌంట్‌కూ పొంతన కుదరకపోతే సాధారణంగా బీఈ01 కోడ్ రావాలి. రాలేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టాను.

మిగిలినవి రెండే కాగితాలు: ఐబ్యాన్, సరఫరాదారు పంపిన స్టేట్‌మెంట్. జవాబు స్టేట్‌మెంట్‌లో ఉంది.

స్టేట్‌మెంట్ చెప్పిన సంగతి

ఆ స్టేట్‌మెంట్ పైన ఉన్న పేరు బ్యాంకుది కాదు, ఒక చెల్లింపుల సేవా సంస్థది. యాప్ ద్వారా వ్యాపార అకౌంట్లు ఇచ్చే రకం సంస్థ. ఐబ్యాన్‌లోని బ్యాంకు కోడ్, బిక్ కోడ్ మాత్రం వేరే బ్యాంకువి. దీనర్థం ఆ సంస్థ తన భాగస్వామి బ్యాంకు దగ్గర ఒక పెద్ద ఖాతా ఉంచుకుని, తన కస్టమర్లకు వర్చువల్ ఐబ్యాన్లు, అంటే ఆ పెద్ద ఖాతాకే దారి చూపే నంబర్లు ఇస్తోంది. సరఫరాదారు అకౌంట్ అనుకుంటున్నది ఆ వర్చువల్ నంబరే.

అందులో పడిన జమలన్నీ చూశాను. ఒక్కటి కూడా యూరో ప్రాంతం బయటి నుంచి వచ్చినది కాదు. ప్రతి జమ పక్కనా సెపా క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ అనే ఉంది. సెపా అంటే యూరోప్ దేశాల మధ్య యూరో చెల్లింపులు నడిపే వ్యవస్థ. దాని నియమాలు, దాని మెసేజ్‌లు, దాని సెటిల్‌మెంట్ అన్నీ వేరు. మన కంపెనీ పంపిన డబ్బు కరెస్పాండెంట్ ద్వారా టీ2 లో వచ్చింది. భాగస్వామి బ్యాంకులో టీ2, స్విఫ్ట్ ద్వారా వచ్చే చెల్లింపులను చూసే సిస్టమ్‌కు ఈ వర్చువల్ నంబర్ల సంగతి తెలియదు. వెతికింది, దొరకలేదు, ఏసీ01 అని రాసి తిప్పి పంపింది. ఇంటి నంబరు సరిగ్గానే ఉంది, కానీ ఆ వీధిలోకి ఈ లారీ వెళ్లే దారి లేదు.

కాబట్టి ఏసీ01 అబద్ధం కాదు. ఆ బ్యాంకు తన సిస్టమ్‌లో చూసినంతవరకు నిజమే చెప్పింది. సరఫరాదారు కూడా నిజమే చెప్పారు. రెండు నిజాలూ ఒకదానికొకటి అడ్డం పడుతున్నప్పుడు నంబరును ఇంకోసారి చదివి లాభం లేదు. వెళ్లిన దారిని చూడాలి. ఈ రకం రిటర్న్‌లు ఎప్పుడు ఎదురైనా నేను మొదట అడిగేది ఇదే: మీ అకౌంట్‌లోకి మా దేశం నుంచి, ఇదే కరెన్సీలో, ఇంతకుముందు ఎవరైనా పంపారా? వేరే వాళ్ల డబ్బు వస్తోంది అన్న జవాబు దగ్గర ఆగిపోకూడదు. ఎక్కడి నుంచి, ఏ పద్ధతిలో వచ్చిందో అడగాలి.

ఇది అప్పటికి ఊహే. ఖాయం చేసుకోవడానికి రెండు వైపుల నుంచి అడిగాం. కంపెనీ బ్యాంకు ద్వారా లబ్ధిదారు బ్యాంకుకు విచారణ పంపించాం. అందులో యూఈటీఆర్, తేదీ, మొత్తం, అసలు రిఫరెన్స్ ఇచ్చి ఒకే సూటి ప్రశ్న పెట్టాం: ఈ ఐబ్యాన్ సెపా కాకుండా వేరే మార్గంలో వచ్చే చెల్లింపులను తీసుకుంటుందా? ఎందుకు వెనక్కి పంపారు అని మాత్రమే అడిగితే, కోడ్‌లో ఉన్న కారణాన్నే తిరిగి రాస్తారు. అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్నకు జవాబు తొందరగా వస్తుంది. మరోవైపు సరఫరాదారు అదే ప్రశ్నతో తన సేవా సంస్థ సపోర్టుకు రాశారు. ఆ జవాబే ముందు వచ్చింది: ఈ ఐబ్యాన్ సెపాకు మాత్రమే, విదేశాల నుంచి వచ్చే స్విఫ్ట్ చెల్లింపులకు వివరాలు వేరు. బ్యాంకు జవాబు తర్వాత వచ్చి అదే చెప్పింది.

కొత్త వివరాలు వచ్చినప్పుడు

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. రిటర్న్ తర్వాత సరఫరాదారు నుంచి కొత్త బ్యాంకు వివరాలు రావడం అనేది మోసగాళ్లు కాచుకుని కూర్చునే సందర్భం. సరుకు ఆగిపోయింది, అందరూ తొందరలో ఉన్నారు, పాత అకౌంట్ పనిచేయడం లేదని ఇద్దరికీ తెలుసు. ఎవరైనా మెయిల్ బాక్స్‌లోకి చొరబడి ఉంటే, కొత్త నంబరు పంపడానికి ఇంతకన్నా అనువైన సమయం దొరకదు. అప్పుడు ఆ నంబరును ఎవరూ అనుమానించరు.

అందుకే కొత్త వివరాలు మెయిల్‌లో రాగానే, కంపెనీ వాళ్లతో సరఫరాదారుకు ఫోన్ చేయించాను. ఆ మెయిల్ కింద ఉన్న నంబరుకు కాదు, ఒప్పందం కుదిరినప్పటి నుంచి ఫైల్లో ఉన్న పాత నంబరుకు. అవతల ఎప్పుడూ మాట్లాడే వ్యక్తే ఎత్తారు. ఐబ్యాన్ మొత్తం ఆమె చేత చదివించాం. మేం చదివి అవునా అని అడగలేదు. హడావిడిలో ఉన్నవాళ్లు వినకుండానే అవును అనేస్తారు కాబట్టి ఈ తేడా ముఖ్యం. సరుకు ఎంత తొందరైనా ఈ పనికి మాత్రం టైమ్ ఇవ్వాల్సిందే.

మూడోసారి పంపినప్పుడు

సేవా సంస్థ ఇచ్చిన స్విఫ్ట్ వివరాల్లో లబ్ధిదారు పేరు ఆ సంస్థదే. ఐబ్యాన్ వేరే బ్యాంకుది. సరఫరాదారును గుర్తించడానికి ఒక రిఫరెన్స్ కోడ్ రాయాలి. ఆ కోడ్ లేకపోతే డబ్బు సంస్థకు చేరుతుంది గానీ ఎవరిదో తెలియక అక్కడ ఆగిపోతుంది.

దీన్ని యథాతథంగా పంపితే ఇంకో చోట చిక్కు వస్తుందని అనిపించింది. కంపెనీ ఇన్వాయిస్ ఒకరి పేరుమీద ఉంది, డబ్బు ఇంకొకరి పేరుమీద వెళ్తోంది. మధ్య బ్యాంకులకు ఎవరు ఎవరికి పంపుతున్నారో స్పష్టంగా కనిపించాలన్నది మనీ లాండరింగ్‌ను అడ్డుకునే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ 16వ సిఫార్సు. దాన్ని బట్టే దేశాలు నియమాలు పెట్టుకున్నాయి. ఐఎస్ఓ 20022 లో దీనికి తగిన చోటు ఉంది: అంతిమ లబ్ధిదారు అనే ప్రత్యేక ఫీల్డ్. సరఫరాదారు పేరు, చిరునామా అక్కడ రాయాలి. కంపెనీ బ్యాంకు ఆన్‌లైన్ పోర్టల్‌లో మాత్రం ఆ ఫీల్డే లేదు. కొత్త ఫార్మాట్ బ్యాంకుల మధ్య వచ్చేసింది గానీ, కస్టమర్ ముందుండే స్క్రీన్లు చాలా చోట్ల ఇంకా పాతవే. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. సమాచారం కస్టమర్ దగ్గర ఉంటుంది, మెసేజ్‌లో దానికి చోటూ ఉంటుంది, మధ్యలో ఉన్న ఫారం అడగదు.

అందుకని ఆన్‌లైన్‌లో కాకుండా బ్రాంచి ద్వారా పంపించాం. ఆ ఫీల్డ్ నింపమని లిఖితంగా అడిగాం. వాళ్ల సిస్టమ్‌లో కూడా కుదరలేదు. చివరికి చెల్లింపు వివరాలు రాసే చోట రిఫరెన్స్ కోడ్, సరఫరాదారు పేరు, ఊరు, దేశం, ఇన్వాయిస్ నంబరు రాయించాం. ఇన్వాయిస్, కొనుగోలు ఆర్డర్, సేవా సంస్థ ఇచ్చిన ధ్రువీకరణ పత్రం ఒక ఫైల్లో సిద్ధంగా ఉంచాం.

అనుకున్నట్టే కరెస్పాండెంట్ బ్యాంకు దగ్గర ఆగింది. వెనక్కి రాలేదు, ఆగింది. ఈ తేడాను పట్టించుకోవాలి. ఆగినప్పుడు కరెస్పాండెంట్ ఒక ప్రశ్న పంపుతుంది, దానికి గడువు పెడుతుంది. ఆ ప్రశ్న నేరుగా కస్టమర్‌కు రాదు. పంపిన బ్యాంకు ఆపరేషన్స్ విభాగానికి వస్తుంది, అక్కడి నుంచి బ్రాంచికి, బ్రాంచి నుంచి కస్టమర్‌కు. మధ్యలో ఒకరు సెలవులో ఉంటే గడువు దాటిపోతుంది. గడువు దాటితే డబ్బు రిటర్న్ అవుతుంది, ఎక్కువగా ఆర్‌ఆర్04 కోడ్‌తో, అంటే నియంత్రణపరమైన కారణం అని. ఆ మాట చూసి కంపెనీలు భయపడిపోవడం, మా సరఫరాదారు మీద ఆంక్షలు ఉన్నాయా అని అడగడం చాలాసార్లు చూశాను. ఆంక్షల కింద స్తంభింపజేసిన డబ్బు తిరిగి రాదు, ప్రత్యేక ఖాతాలోకి వెళ్తుంది. వెనక్కి వచ్చిందంటే స్తంభింపజేయలేదన్న మాట. అలాగని నిశ్చింతగా ఉండకూడదు, ఆ బ్యాంకు తన విధానం ప్రకారం ఆ లావాదేవీని వద్దనుకుని ఉండవచ్చు. కానీ చాలా కేసుల్లో అసలు సంగతి ఎవరూ జవాబివ్వని మెయిల్.

మేం పంపిన రోజు నుంచే ట్రాకింగ్ చూడమని బ్యాంకును అడుగుతూ ఉన్నాం. కరెస్పాండెంట్ దగ్గర కదలిక లేదని తెలియగానే, ఏదైనా ప్రశ్న వచ్చిందేమో మీ ఆపరేషన్స్ వాళ్లను అడగండని చెప్పాం. వచ్చింది. మూడు విషయాలు అడిగారు: అంతిమంగా డబ్బు ఎవరికి, దేనికి, లబ్ధిదారు సంస్థకూ సరఫరాదారుకూ సంబంధం ఏమిటి. ఫైలు సిద్ధంగా ఉంది కాబట్టి జవాబు అదే రోజు వెళ్లింది. జవాబులో ఒక్కో ప్రశ్నకు ఒక్కో వాక్యం రాశాం, ఏ కాగితంలో ఏ పేజీ చూడాలో చెప్పాం. కంప్లయన్స్ వాళ్లకు పాతిక పేజీల ఒప్పందం పంపి చదువుకోమంటే, మీ ఫైలు వరుసలో చివరికి పోతుంది.

తర్వాత చెల్లింపు కదిలింది. ట్రాకింగ్‌లో స్థితి ఏసీసీసీ అని మారింది, లబ్ధిదారు ఖాతాలో జమ అయిందని దాని అర్థం. సరఫరాదారు యాప్‌లో కూడా కనిపించింది. సరుకు బయల్దేరింది.

పోయిన డబ్బు లెక్క

మొదటి రిటర్న్‌లో 38,400 బదులు 38,365 వచ్చింది, రెండోదాంట్లో 38,360. రెండూ కలిపి ఛార్జీలు 75 యూరోలు. ఛార్జీలన్నీ మేమే భరిస్తామని, అంటే ఓయూఆర్ అని పెట్టి పంపాం కదా, మరి ఎందుకు కోసుకున్నారని అకౌంట్స్ విభాగం అడిగింది. ఓయూఆర్ అనేది వెళ్లే చెల్లింపుకు సంబంధించినది. వెనక్కి పంపే పనికి బ్యాంకులు వేరుగా ఛార్జీ తీసుకోవచ్చు, దాన్ని తిరిగొచ్చే మొత్తంలోంచే మినహాయిస్తాయి.

అసలు నష్టం అక్కడ లేదు, మారకంలో ఉంది. మొదటిసారి కంపెనీ తన కరెన్సీతో యూరోలు కొన్నది బ్యాంకు అమ్మే రేటుకు. తిరిగొచ్చిన యూరోలను బ్యాంకు అడగకుండానే కొనే రేటుకు మార్చి ఖాతాలో వేసింది. రెండోసారి మళ్లీ అమ్మే రేటు, మళ్లీ కొనే రేటు. మార్కెట్ ఏమాత్రం కదలకపోయినా ఈ రెండు రేట్ల మధ్య తేడా ప్రతిసారీ పోతుంది. 38,400 యూరోల మీద అది 75 యూరోల ఛార్జీల కంటే చాలా ఎక్కువైంది. అందుకే రిటర్న్ వస్తోందని తెలిసిన క్షణంలో బ్యాంకుకు ఒక లేఖ ఇవ్వాలి: ఈ మొత్తాన్ని యూరోల్లోనే ఉంచండి, మా ఆదేశం లేకుండా మార్చవద్దు. కంపెనీ ఉన్న దేశపు నియమాలు ఒప్పుకుంటే బ్యాంకు ఉంచుతుంది, లేదా కంపెనీకి విదేశీ కరెన్సీ ఖాతా ఉంటే అందులో వేస్తుంది. రెండో రిటర్న్‌కైనా ఈ లేఖ ఇచ్చి ఉంటే ఆ నష్టం సగమయ్యేది.

ఈ ఖర్చు ఎవరిది అన్న వాదన నడిచింది. సరఫరాదారు ఇచ్చిన వివరాలు విదేశీ చెల్లింపుకు పనికిరానివి కాబట్టి మొదటి రిటర్న్ ఖర్చు ఆయన భరించాలని, కారణం తెలుసుకోకుండా మళ్లీ పంపింది కంపెనీ కాబట్టి రెండోది కంపెనీ భరించాలని నా అభిప్రాయం చెప్పాను. అలాగే ఒప్పుకున్నారు.

వేరే కోడ్‌ల గురించి కొంచెం

అన్ని కేసులూ ఇంత తిప్పలు పెట్టవు. ఏసీ04 వస్తే అకౌంట్ మూసేశారు, సరఫరాదారుకు ఫోన్ చేస్తే తేలిపోతుంది. ఆర్‌సీ01 అంటే బిక్ కోడ్ సరిగా లేదు. బ్యాంకులు విలీనమైనప్పుడు పాత బిక్‌లు మూతపడటం వల్ల ఇది వస్తుంది. బీఈ04 చిరునామా లేదని. ఈ ఒక్కటి మీద ఇప్పటి నుంచే దృష్టి పెట్టాలి. 2026 నవంబర్ తర్వాత చిరునామాను ఒకే ముద్దగా లైన్లలో రాసి పంపడం సరిహద్దు దాటే చెల్లింపుల్లో కుదరదు, కనీసం ఊరు, దేశం వేర్వేరు ఫీల్డుల్లో ఉండాలి. సరఫరాదారుల జాబితాలో చిరునామా అంతా ఒకే గడిలో ఉంచుకున్న కంపెనీలు ముందే విడదీసుకోవాలి.

అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ఎంఎస్03, కారణం చెప్పలేదు అని చెప్పే కోడ్. అది వచ్చినప్పుడు కోడ్‌ను వదిలేసి, ఎవరు పంపారన్నది మాత్రమే చూడండి. లబ్ధిదారు బ్యాంకు పంపితే లబ్ధిదారు తన బ్యాంకును అడగాలి, వాళ్ల కస్టమర్ కాబట్టి ఆయనకే నోరు విప్పుతారు. మధ్య బ్యాంకు పంపితే విచారణ మీ బ్యాంకు ద్వారానే వెళ్లాలి.

ఇంకొక సందర్భం ఉంది. తప్పు తెలిసి డబ్బును మనమే వెనక్కి పిలిచినప్పుడు వెళ్లేది క్యామ్ట్.056, జవాబు క్యామ్ట్.029 గా వస్తుంది. డబ్బు అప్పటికే లబ్ధిదారు ఖాతాలో పడిపోయి ఉంటే సాధారణంగా ఆయన ఒప్పుకుంటేనే తిరిగొస్తుంది. దాన్ని రిటర్న్‌తో కలిపి చూడకూడదు. ఒక చెల్లింపుకు వెనక్కి రమ్మని అడిగి, జవాబు రాకముందే రెండోది పంపితే, ఒకే ఇన్వాయిస్‌కు రెండుసార్లు డబ్బు వెళ్లే ప్రమాదం ఉంది.

కంపెనీ తర్వాత తన సరఫరాదారుల ఫారంలో రెండు ప్రశ్నలు చేర్చుకుంది. మీ ఖాతా బ్యాంకులోనా, చెల్లింపుల సేవా సంస్థలోనా? విదేశం నుంచి స్విఫ్ట్ ద్వారా వచ్చే యూరోలు ఇదే ఐబ్యాన్‌కు జమ అవుతాయా, లేక వేరే వివరాలు ఉన్నాయా? పాత సరఫరాదారులందరినీ ఇవే అడిగితే, ఇంకా చెల్లింపు వెళ్లని మరొకరి దగ్గర ఇదే రకం ఐబ్యాన్ బయటపడింది. ఆయన వివరాలు పంపకముందే మార్చుకున్నారు. ఈ కేసులోని సరఫరాదారు కొంతకాలం ఆ రిఫరెన్స్ కోడ్ పద్ధతిలోనే డబ్బు తీసుకుని, తర్వాత నేరుగా ఒక బ్యాంకులో ఖాతా తెరిచారు. ఆ ఖాతాకు ముందు ఒక చిన్న ఇన్వాయిస్ మొత్తం పంపి, అది జమ అయినట్టు చూసుకున్నాక, సేవా సంస్థ పేరుమీద ఉన్న పాత వివరాలను కంపెనీ తన జాబితా నుంచి తీసేసింది.